సగం దించిన షట్టర్

చచ్చిపోయిన మనిషి పక్కన ఒలికిన రక్తానికి పేరు కూడా రాసి ఉంటే ఏ పోలీసుకైనా ప్రాణం లేచొస్తుంది. పోలీసు లెఫ్టినెంట్ కర్నల్ చాతురోంగ్‌కి ఆదివారం పొద్దున అదే అదృష్టం పట్టింది. డాక్టర్ వరన్యా తను పనిచేసే క్లినిక్ ప్రయోగశాలలో, యంత్రాల గది నేలమీద పడి ఉంది. తల వెనుక భాగం స్టీలు బల్ల అంచుకి తగిలి పగిలింది. ఆమె చేతికి జానెడు దూరంలో చితికిన చిన్న ప్లాస్టిక్ గొట్టం, చుట్టూ ఎండిన రక్తం. గొట్టం మీద 'కమ్రోన్' అని పేరు. భోజనాల వేళకల్లా కమ్రోన్ లాకప్‌లో ఉన్నాడు.

ఆ కమ్రోన్ చేత సోమవారం మధ్యాహ్నం మూడింటికి, పత్రికలవాళ్ళ ముందు, నేరం మళ్ళీ నటింపజేస్తామని కర్నల్ ప్రకటించేశాడు. బ్యాంకాక్‌లో ఆ తతంగం అందరికీ తెలిసిందే. ముద్దాయి తలకి హెల్మెట్ పెడతారు. పోయినవాళ్ళ స్థానంలో ఒక బొమ్మని పడుకోబెడతారు. ఆ ఫోటో ఒకసారి పేపర్లో పడిందంటే, ఆ తర్వాత నిజం బయటపడినా పట్టించుకునే నాథుడుండడు. స్టేషన్ ఇన్‌స్పెక్టర్‌గా కేసు నాది. పైఆఫీసు నుంచి దిగినవాడిగా పేరు కర్నల్‌ది. నాకు మూడింటిదాకా గడువుంది.

సోమవారం పొద్దున్నే కమ్రోన్‌ని నా గదికి పిలిపించాను. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు, కాలువ పడవల్లో టిక్కెట్లు కొడతాడు. నడుస్తున్న పడవ అంచుమీద తాడు పట్టుకుని నడిచి నడిచి అతని అరచేతులు కాయలు కాశాయి. తొమ్మిదేళ్ళ కిందట ఒంట్లో హెచ్.ఐ.వి. బయటపడిందట. రోజూ మాత్రలు వేసుకుంటూ మామూలుగానే బతికాడు. పోయినేడు ఈ క్లినిక్‌వాళ్ళు అతని కణాలే బయటికి తీసి, ఏదో మార్చి, మళ్ళీ ఎక్కించారు. సోంగ్‌క్రాన్ కొత్త సంవత్సరం పండగ కాగానే, ఏప్రిల్లో, మాత్రలు ఆపేయమన్నారు. వైరస్ జాడ లేదని ప్రతిసారీ కాగితం చేతికిచ్చారు.

శనివారం సంగతి అడిగాను. వరన్యా స్వయంగా ఫోన్ చేసి రమ్మందని, కొత్తగా రక్తం తీసుకుందని చెప్పాడు. నాలుగింటి పడవకి డ్యూటీ ఉండటంతో పరుగెత్తాడట. ఆ పరుగునే కాపలావాడు చూశాడు, కర్నల్ దాన్నే పట్టుకున్నాడు.

"ఆవిడ మీద నాకు కోపమెందుకుంటుంది మేడమ్? నాకు నయం చేసినవాళ్ళు. వాళ్ళ ఫోటో కూడా పెట్టుకున్నా ఇంట్లో," అన్నాడు.

చెబుతూ దగ్గాడు. నోరు తెరిచినప్పుడు నాలుకంతా తెల్లగా పూసి ఉంది. ఆ తెలుపు నేను ఇదివరకు చూశాను. మాత్రలు దొరకని ఖైదీల నోళ్ళలో చూశాను. పోలీసు ఆసుపత్రి డాక్టర్‌కి కబురు పెట్టి, అప్పటికప్పుడు రక్తం తీయించాను. చితికిన గొట్టం చుట్టూనించి తీసిన రక్తం మరక కూడా అదే మనిషి చేతిలో పెట్టి, రెండిట్లోనూ వైరస్ ఉందో లేదో మధ్యాహ్నంలోపు చెప్పమన్నాను.

బయట బెంచీ మీద అతని భార్య సాయ్‌సునీ కూర్చుని ఉంది. ఐదో నెల కడుపు. ఒళ్ళో ప్లాస్టిక్ సంచిలో గంజి, వేయించిన వెల్లుల్లి పొట్లం.

"ఆ దగ్గు మీ ఏసీ గదుల వల్లే అక్కా. ఆయన జబ్బు ఎప్పుడో పోయింది. లేకపోతే మేం పిల్లల గురించి ఆలోచించేవాళ్ళమా?" అంది.

 గంజి లోపలికి పంపిస్తానని మాత్రం చెప్పి క్లినిక్‌కి బయల్దేరాను.

ప్రయోగశాల గుమ్మంలో చెప్పుల అర ఉంది. వీధి చెప్పులతో లోపలికి వెళ్ళకూడదు. పనిచేసేవాళ్ళకి ఎవరి స్లిప్పర్లు వాళ్ళవే, మడమ దగ్గర మార్కర్‌తో ముద్దుపేర్లు రాసుకున్నారు: ఎలక, పీత, నాట్, గుండు. వచ్చేపోయేవాళ్ళకి వేరే నీలం రంగు జత. లోపల నేలమీద మాత్రం కర్నల్ మనుషుల బూట్ల గుర్తులు బారులు తీరి ఉన్నాయి. వాటిని తప్పించుకుంటూ మోకాళ్ళమీద వంగి చూశాను. గొట్టం చితికినచోట ఒక పాదం అంచు మిగిలింది, అలలు అలలుగా గీతలున్న అడుగు. నీలం జతల అడుగులు నున్నగా ఉన్నాయి. పేర్లున్న జతలకే అలలున్నాయి. అన్నీ మాసి బూడిదరంగుకి తిరిగినవి. 'నాట్' అని రాసిన జత ఒక్కటే కొత్తది. దాని అడుగున కొట్టువాడి ధర కాగితం ఇంకా ఊడలేదు.

చితికిన గొట్టం కూడా తాజా రక్తం పట్టేది కాదు. మూత తిప్పి బిగించే రకం, మంచులో గడ్డకట్టించి దాచడానికి వాడేది. గది మూలనున్న ఫ్రీజర్ తెరిపించాను. కమ్రోన్ పేరున్న పెట్టెలో ఒక గడి ఖాళీ. నాలుగు నెలల కిందటి గొట్టం ఉండాల్సిన గడి అది. వరన్యా శనివారం తీసిన కొత్త రక్తం మాత్రం పక్క గదిలో భద్రంగా ఉంది. చంపినవాడు దాన్ని ముట్టుకోలేదు. వాడికి కావలసింది పాతదే.

లేచి నిలబడేసరికి కర్నల్ వచ్చాడు, వెనక బట్టల కొట్టు బొమ్మని చంకన పెట్టుకుని ఒక కానిస్టేబుల్. కర్నల్ కాళ్ళకి బూట్లున్నాయి.

"మాలివాన్ చెల్లీ, నేల తుడుస్తున్నావా? మంచిదే. మూడింటికి కెమెరాలొస్తాయి, శుభ్రంగా ఉండాలి," అన్నాడు.

"తుడవడానికి మీవాళ్ళు ఏం మిగిల్చారు కర్నల్ గారూ? నేరం చేసినవాడి అడుగు ఒక్కటే ఉంది. అది స్లిప్పర్ అడుగు, ఇక్కడ పనిచేసేవాళ్ళది."

"ఎవడి చెప్పులో కాలు పెట్టుకు రావడానికి ఎంతసేపు? రక్తం మీద వాడి పేరుంది. ఇంకేం కావాలి నీకు?"

"ఆ రక్తం అతనిదేనని ఎవరు చెప్పారు?"

కర్నల్ నవ్వాడు. గొట్టం మీద రాసి ఉందిగా, చదవడం రాదా అని అడిగాడు. పేరు పెన్నుతో రాస్తారు, రక్తంతో కాదు అన్నాను. బొమ్మ పట్టుకున్న కానిస్టేబుల్ గోడవైపు తిరిగాడు. మూడింటిలోగా కాగితం మీద ఏదైనా చూపించు, లేకపోతే పక్కకి తప్పుకో అని చెప్పి కర్నల్ బొమ్మకి జాగా కొలిపించే పనిలో పడ్డాడు.

ఆచాన్ బుసబా గది పై అంతస్తులో ఉంది. ఆచాన్ అంటే మా భాషలో గురువు. అరవై ఏళ్ళ ప్రొఫెసర్, ఈ వైద్యం ఆవిడ సృష్టే. శిష్యురాలు పోయిందన్న దుఃఖం మొహాన కనిపిస్తూనే ఉంది గానీ, పోలీసులకి పాఠం చెప్పాల్సి రావడం ఆవిడకి నచ్చలేదు. అర్థం కాదేమో అంది. చెప్పి చూడండి అన్నాను.

ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలినా అక్కడి కణాలు కెమోకైన్లనే చిన్న ప్రోటీన్లు వదులుతాయట. అది ఒక పిలుపు. తెల్లకణాల ఒంటిమీద ఆ పిలుపు అందుకునే రిసెప్టర్లు ఉంటాయి. కెమోకైన్ వచ్చి తగలగానే వార్త లోపలికి అంచెలంచెలుగా పాకుతుంది, కణం లేచి దెబ్బ తగిలినవైపు కదులుతుంది. ఈ పిలుపులు ఆగకపోతే కీళ్ళు వాచిపోతాయి. కేన్సర్ కణాలు కూడా ఇవే రిసెప్టర్లు తగిలించుకుని ఎముకల్లోకీ ఊపిరితిత్తుల్లోకీ దారి వెతుక్కుంటాయి. హెచ్.ఐ.వి. మరీ గడుసుది. సీసీఆర్-5 అనే రిసెప్టర్‌ని తలుపుగా వాడుకుని కణంలోకి దూరుతుంది.

"ఆ తలుపుని ఊడబీకడమే నా వైద్యం," అంది ఆచాన్. "తలుపు లేని కణంలోకి అది రాలేదు. కమ్రోన్ రక్తంలో తలుపులు సగానికి సగం తగ్గాయి. అంత మంచి ఫలితం ఎక్కడా రాలేదు."

"సగం తగ్గాయంటే ఎలా ఆచాన్? మా స్టేషన్ వెనక సందులో బట్టల కొట్లున్నాయి. సగం కొట్లు మూసేసినా సందులో వ్యాపారం సగమే. అన్ని కొట్లూ షట్టరు సగం దించినా వ్యాపారం సగమే. మీరు చూసింది ఏది?"

ఆవిడ వెంటనే ఏదో చెప్పబోయి ఆగింది. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది, మళ్ళీ పెట్టుకుంది.

"సగం కొట్లు పూర్తిగా మూసి ఉండాలి," అంది నెమ్మదిగా. "మేం మార్చిన కణాలకి తలుపుండదు. మార్చనివాటికి పూర్తిగా ఉంటుంది. మధ్యరకం ఉండడానికి వీల్లేదు."

"మరి ఒక్కో కణాన్నీ విడిగా చూశారా?"

"లేదు, సగటు చూశాను."

కంప్యూటర్‌లో కమ్రోన్ పేరుతో ప్రయోగశాల యంత్రం గీసిన నాలుగు నెలల కిందటి గ్రాఫ్ బొమ్మ తెరిచింది. ఆ యంత్రం కణాల్ని ఒక్కొక్కటిగా నడిపించి, తలుపులకి అంటిన రంగు ఎంత మెరుస్తోందో కొలుస్తుంది. తలుపులు ఎక్కువున్నవి కుడివైపు, లేనివి ఎడమవైపు గుట్టలుగా పోగుపడతాయి. ఎడమన ఒకటి, కుడిన ఒకటి, రెండు గుట్టలు కనిపించాలి. తెరమీద ఒకటే గుట్ట ఉంది, నడిమధ్యన. సందులోని ప్రతి కొట్టూ షట్టరు సగం దించుకుని కూర్చుంది.

ఆచాన్ కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది. వరన్యా పోయినవారం ఈ బొమ్మ గురించి మాట్లాడాలని రెండుసార్లు వచ్చిందని, తీరికలేదని తనే పంపించేశానని చెప్పింది.  ఆ క్షణంలో ఆవిడ మీద నాకు జాలీ కోపమూ రెండూ కలిగాయి.

"ఇది వైద్యం చేసిన రక్తం కాదు," అంది చివరికి. "ఎవరిదో గానీ, ఈ మనిషి పుట్టుకే ఇంత. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి రావాల్సిన జన్యువుల్లో ఒకటి చెడింది, అందుకే ప్రతి కణం మీదా తలుపులు సగమే. ఉత్తర ఐరోపావాళ్ళలో పదిమందిలో ఒకరికి ఉంటుంది. అచ్చమైన థాయ్ రక్తంలో నేనింతవరకూ చూడలేదు."

సరిగ్గా అప్పుడే పోలీసు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. కమ్రోన్ రక్తంలో వైరస్ లక్షల్లో ఉంది. నేలమీది రక్తంలో చుక్క కూడా లేదు. కాగితం కానిస్టేబుల్ చేత క్లినిక్‌కే పంపమన్నాను. కర్నల్‌కి కావలసింది తయారైంది, నాకు మాత్రం కావలసింది ఇంకొకటి ఉంది.

పోల్చడానికి మామూలు మనిషి రక్తం ఎక్కడినుంచి తెస్తారని అడిగాను. తెచ్చేదేముంది, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు చొక్కా చెయ్యి పైకి లాగుతారు, ఏ ప్రయోగశాలలోనైనా ఇదే అలవాటు అంది. ఆ బొమ్మలన్నీ యంత్రంలోనే ఉంటాయట. వాటిలో ఇలా ఒకే గుట్ట మధ్యలో ఉన్నది ఏదైనా వచ్చిందా అన్నాను. ఆచాన్ తల అడ్డంగా ఊపబోయి, మధ్యలోనే ఆపింది.

"నాట్‌ది," అంది. "రెండుసార్లు అలాగే వచ్చింది. రంగు సరిగ్గా పట్టలేదనుకుని పక్కన పడేశాం. నీ రక్తానికి రంగు కూడా పట్టదురా అని పిల్లలంతా వాణ్ణి ఏడిపించేవాళ్ళు. నేనూ నవ్వాను."

పక్కన పడేసిన ఆ బొమ్మని వెతికి తీసి, కమ్రోన్ పేరున్న బొమ్మ మీద పెట్టింది. రెండు గుట్టలూ ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు కూర్చున్నాయి.

నాట్ అసలు పేరు డాక్టర్ సిరవిత్. వైద్యానికి ఒప్పుకున్న రోగుల్ని చూసేదీ, వాళ్ళ రక్తం తీసేదీ అతనే. యంత్రాల పని అతనిది కాదు. కింది అంతస్తులో అతని గది తలుపు తెరిచే ఉంది. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. లేచి రెండు చేతులూ జోడించాడు. బల్లమీద పట్టా పుచ్చుకున్ననాటి ఫోటో ఉంది. నల్ల గౌనులో అతను, పక్కన పాసిన్ అనే పట్టు చుట్టుపావడాలో నల్లగా, గుండ్రటి మొహంతో ఒకావిడ. ఆవిడవి మాత్రం లేత పిల్లికళ్ళు.

"మీ అమ్మగారా?"

"అవునండి. ఉడాన్‌లో ఉంటారు."

ఉడాన్ పేరు వింటే మా నాన్న వయసువాళ్ళకి అమెరికా విమానాల చప్పుడు గుర్తొస్తుంది. వియత్నాం యుద్ధం నాటి విమాన స్థావరం అక్కడే ఉండేది. సైనికులు వెళ్ళిపోయారు, వాళ్ళ కళ్ళు అక్కడి వీధుల్లో మిగిలాయి.

"తాతగారిని ఎప్పుడైనా చూశారా?"

"అమ్మే చూడలేదు," అన్నాడు. తర్వాత నా మొహం చూసి, ఎందుకడిగానో అర్థమైనట్టు కూర్చున్నాడు.

కొత్త స్లిప్పర్ల సంగతి అడిగాను. పాతవి తెగిపోయాయన్నాడు. తెగినవి చూపించమంటే బల్లమీది కాగితాలు సర్దాడు. తెరమీద రెండు గుట్టలు ఒకటైపోయాయని చెప్పాను. ఒక్క మనిషి రక్తం ఇద్దరి పేర్లతో ఎలా నడిచిందో నువ్వే చెప్పు అన్నాను.

అతను దాచడానికి ప్రయత్నించలేదు. మాత్రలు ఆపిన కొన్ని వారాలకే కమ్రోన్‌లో వైరస్ మళ్ళీ లేచిందట. ఆ సంగతి పైకి చెబితే వైద్యం ఆగిపోతుంది, క్లినిక్ మూతపడుతుంది. ఇంకో నెల ఆగితే మార్చిన కణాలు పెరిగి అదే అణుగుతుందని తనకి తను చెప్పుకున్నాడు. ఆ నెల గడవడానికి తన చేతి రక్తం తీసి కమ్రోన్ పేరు రాశాడు. తన రక్తానికి రంగు సగమే పడుతుందని అందరూ నవ్వేవాళ్ళుగా, అది వైద్యం ఫలించినట్టే కనిపిస్తుందనుకున్నాడు. రెండు గుట్టల సంగతి అతనికి తెలియదు. పొరపాటంతా అక్కడే జరిగింది. నెల నాలుగు నెలలైంది, ఆచాన్‌కి పేరొచ్చింది, ఇక వెనక్కి తిరిగే దారి లేకపోయింది.

"శనివారం?"

"వరన్యా ఫ్రీజర్‌లోంచి పాత గొట్టం తీసి పట్టుకుంది. జన్యు పరీక్షకి పంపిస్తానంది. లాక్కున్నాను. కింద పడింది, తొక్కేశాను. తను వంగి తీసుకోబోతే భుజం పట్టి వెనక్కి లాగాను. అంతే. బల్ల ఉందని చూసుకోలేదు."

"అంతే అంటే సరిపోదు. నువ్వు అంబులెన్స్ పిలవలేదు. ఇంకొకణ్ణి లాకప్‌లో పడుకోనిచ్చావు."

తల వంచుకున్నాడు. చేతులు ముందుకి చాపాడు, సంకెళ్ళకి. నేను వెంటనే వెయ్యలేదు. నాకొక విషయం అంతుపట్టలేదు. వరన్యా అంత జాగ్రత్త మనిషి. రెండుసార్లు ఆచాన్ గుమ్మం దాకా వెళ్ళి ఊరుకుంది. మరి శనివారం సెలవురోజున, ఒంటరిగా, అంత తొందరపడి ఎందుకొచ్చింది?

ఆ మాటే అడిగాను.

"కమ్రోన్ శుక్రవారం ఆవిడకి ఫోన్ చేశాడట, సంతోషం పట్టలేక," అన్నాడు. "భార్యకి ఐదో నెలని చెప్పాడు. ఆవిడకి అప్పుడే తెలిసింది. నాకు ముందే తెలుసు. కడుపు నిలిచిన కొత్తలో సాయ్‌సునీకి చేయాల్సిన రక్తపరీక్ష మా దగ్గరే చేశాం. ఏ వైరసూ లేదని కాగితం ఇచ్చాం."

"ఆ పరీక్షకి వెళ్ళిన రక్తం ఎవరిది?"

 సిరవిత్ తన ఎడమచేతి మడత దగ్గర, సూది గుచ్చీ గుచ్చీ నల్లబడిన చోటుని కుడిచేత్తో మూసుకున్నాడు.

"ఆమెది అసలు పరీక్ష చేశావా?"

"లేదు. ఏమొస్తుందోనని భయమేసింది. పారబోశాను."

సంకెళ్ళు వేసి కానిస్టేబుల్‌కి అప్పజెప్పాను. మెట్లు దిగుతుంటే కర్నల్ ఎదురయ్యాడు. ఆసుపత్రి కాగితం చేతిలో పెట్టాను. చదివి, ఇదంతా ముందే అనుమానించానని కెమెరాల ముందు చెబుతానన్నాడు. చెప్పుకోమన్నాను. ఆ క్షణంలో నాకు ఆ గొడవ అక్కర్లేదు.

స్టేషన్‌లో సాయ్‌సునీ అదే బెంచీ మీద ఉంది. ఒళ్ళో సంచి ఖాళీగా ఉంది. నా మొహం చూసి లేవబోయింది.

"ఆయన్ని వదిలేస్తారా అక్కా?"

"వదిలేస్తాం. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు."

ఆమె ఏడ్చి, నవ్వి, నా చేతులు పట్టుకుంది. ఇంటికెళ్ళి ఏం వండాలో కూడా చెప్పేసింది. నేను ఆమెని మళ్ళీ కూర్చోబెట్టి, పక్కన కూర్చుని, మిగతా సంగతి చెప్పాను. ఆయన జబ్బు పోలేదని, ఈ పూటనుంచే ఆయనకి మాత్రలు మొదలవుతాయని, ఆమె చేతికిచ్చిన కాగితం ఆమెది కాదని చెప్పాను. ఒకవేళ ఆమెకి అంటుకున్నా ఇప్పుడు మందు మొదలుపెడితే బిడ్డని కాపాడుకునే వీలు చాలా ఉందని, ఆసుపత్రి డాక్టర్ చెప్పిన మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఏడవలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుని నేలవైపు చూస్తూ విన్నది. ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"ఈసారి నిజంగా నాదే చూస్తారా?"

పోలీసు ఆసుపత్రి నర్సు సూదితో వచ్చింది. సాయ్‌సునీ చెయ్యి చాపింది. సూది దిగినప్పటినుంచి గొట్టం నిండేదాకా నేను అక్కడే నిలబడి కళ్ళు తిప్పకుండా చూశాను. నర్సు చేతిలోంచి పెన్ను తీసుకుని దానిమీద పేరు నేనే రాశాను.